తొంభై తొమ్మిది కత్తుల ఫ్లోరియన్

ఫ్లోరియన్ కోనోప్కాకి ఉన్న జబ్బు ఒక్కటే. టీవీ ముందు కూర్చుని ఒంటరిగా ఆడే ఆటలో మోసం చేయకుండా పావుగంట ఉండలేడు. మిగతా విషయాల్లో మాత్రం నిప్పు. ఆ నిప్పుతో నలభై ఏళ్ళుగా మా కౌంటీ అంతా చేతులు కాల్చుకుంటూనే ఉంది.

వాడి ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. పెట్రోలు పంపుల నుంచి జున్ను ఫ్యాక్టరీ కాటాల దాకా అన్నీ వాడే పరీక్షించాలి. సరిగ్గా తూగితే ఆకుపచ్చ చీటీ అతికిస్తాడు. తూగకపోతే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ పడిన కాటాని బాగుచేయించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రెండు చీటీల కట్టలూ చర్చికి వెళ్ళేటప్పుడు కూడా వాడి చొక్కా జేబులోనే ఉంటాయి. వాళ్ళింట్లో బరువు చూసుకునే మిషను మీద ఎర్ర చీటీ. వాడి భార్య లోరెయిన్ పిండి కొలిచే గిన్నె మీద ఎర్ర చీటీ. ఒకసారి పెళ్ళిరోజున ఆవిడ "మూడు నిమిషాల్లో వచ్చేస్తాను" అని గదిలోకి వెళ్ళి పదిహేడో నిమిషంలో బయటికి వచ్చింది. తలుపు మీద ఎర్ర చీటీ అతికించి ఉంది. ఆ ఏడాది పెళ్ళిరోజు విందు వాడొక్కడే తిన్నాడు.

నాకు పరిచయమైంది కూడా చీటీతోనే. నాది మాంసం కొట్టు, మా నాన్న పెట్టింది. ఒకరోజు పొద్దున్నే చెవులు పెద్దవిగా ఉన్న సన్నటి మనిషి వచ్చి పౌను సాసేజ్ కొన్నాడు. డబ్బిచ్చి, పొట్లం అక్కడే విప్పి, సంచిలోంచి బుల్లి కాటా తీసి తూచాడు.

"కాగితం బరువు తీసెయ్యలేదు మీరు," అన్నాడు.

"కాగితం ఎంతుంటుందండీ? పావు ఔన్సు!"

"పావు ఔన్సు కాగితాన్ని సాసేజ్ ధరకి అమ్మారన్నమాట. ఎలా వండుకోమంటారు?"

నా కాటా మీద ఎర్ర చీటీ పడింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ సాయంత్రం వీడియోలు అద్దెకిచ్చే షాపులో ఒకే ఆట డిస్క్ మీద రెండు చేతులు పడ్డాయి. ఒకటి నాది, రెండోది వాడిది.

"మీరే తీసుకోండి. పొద్దున మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కలిసి ఆడదాం రండి, పోయేదేముంది," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. నెల తిరక్కుండా ఆ ఆట డిస్క్ నేను సొంతానికి కొనేశాను, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేదాకా వచ్చాం.

నలభై దాటిన మగవాళ్ళు ఆదివారం పూట కంట్రోలర్లు పట్టుకుని కూర్చోవడమేమిటని మా ఊళ్ళో అందరూ నవ్వేవాళ్ళు. మిగతా మగవాళ్ళు గడ్డకట్టిన చెరువు మీద చిన్న కన్నం తవ్వుకుని, పడని చేప కోసం రోజంతా చూసేవాళ్ళు. వాళ్ళకంటే మేమే నయం అనుకునేవాళ్ళం.

ఆ ఆటలో ఒక వీరుడు ఏడు వంతెనలు దాటి వెళ్ళి పట్టాభిషేకం చేసుకోవాలి. బయల్దేరేముందు ముసలి రాజు కన్నీళ్ళు పెట్టుకుని వాడికొక కత్తి ఇస్తాడు. లోకంలో అలాంటిది ఒక్కటే ఉందంటాడు. ఫ్లోరియన్ ఆ మాట పూర్తిగా వినలేదు.

"ఒరేయ్ బెర్నీ, ఇటు చూడు! యుద్ధంలో కత్తి విసిరానా? అది గాల్లో ఉండగానే సంచి తెరిచి, అదే కత్తిని పక్కవాడికి ఇచ్చేశాను. విసిరింది తిరిగి నా చేతికొచ్చింది. ఇచ్చింది వాడి దగ్గరే ఉండిపోయింది. రెండయ్యాయిరా!"

"ఎన్ని చేస్తావు?"

"తొంభై తొమ్మిది. సంచిలో అంతకంటే పట్టవు."

"వాడికున్నవి రెండు చేతులు కదరా!"

"ఉండనీరా, ఎప్పుడైనా పనికొస్తాయి."

ఎప్పుడూ పనికిరాలేదు. మందు సీసాలు తొంభై తొమ్మిది, డాళ్ళు తొంభై తొమ్మిది, ఆఖరికి ఒక ముసలమ్మకి తిరిగివ్వాల్సిన పిల్లి కూడా తొంభై తొమ్మిది. ముసలమ్మకి ఒకటే ఇచ్చాడు. మిగతా తొంభై ఎనిమిది పిల్లులతో వీరుడు కొండలెక్కాడు. వంటింట్లోంచి లోరెయిన్ కేకేసేది: "ఇంట్లో రెండో దుప్పటి కొందామంటే నెల్లాళ్ళు ఆలోచిస్తాడు, అక్కడ మాత్రం మందలు మందలు!"

ఒక కత్తి అంగట్లో అమ్మెయ్యమని నేను సలహా ఇచ్చాను. వాడు నావైపు ఎలా చూశాడంటే, ఆ చూపు నా కాటా కూడా చూడలేదు.

"నకిలీ సరుకు కొట్టువాడికి అంటగట్టమంటావా?"

"ఒరేయ్, వాడు బొమ్మరా!"

"బొమ్మైతేనేం, కొట్టు పెట్టుకున్నాడా లేదా? పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు పాపం."

నేను మాత్రం ఏ ఆటా దొడ్డిదారిన గెలిచినవాణ్ణి కాను. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. ఫ్లోరియన్‌తో ఈ విషయం మీద ఎన్ని ఆదివారాలు వాదించానో లెక్కలేదు.

"మోసం అంటే మోసపోయినవాడొకడు ఉండాలి కదరా," అనేవాడు వాడు. "ఎవడో చూపించు. రాజుగారా? పిల్లా? కాటాకి అవతల మనిషి నిలబడి ఉంటే తప్పు. అవతల ఎవరూ లేరు, ఇవతల నేనొక్కణ్ణే."

"నిన్ను నువ్వే మోసం చేసుకుంటున్నావు."

"నాకు తెలిసే జరుగుతుంటే మోసమెలా అవుతుంది?"

ఆ మాట మీద కోపం మర్నాడు కొట్టులో పక్కటెముకల మీద తీర్చుకునేవాణ్ణి.

నాకు నలభై ఆరో ఏట, జనవరిలో, పక్షవాతం వచ్చింది. మాట తొందరగానే తిరిగొచ్చింది, కాలు కుంటుతూ వచ్చింది, కుడి చెయ్యి రాలేదు. వేళ్ళు కదిలేవి గానీ, నేను చెప్పిన చాలాసేపటికి కదిలేవి. కత్తి పట్టుకోలేని కసాయికి కొట్టెందుకు? పక్క ఊరాయన కొంటానని కబురుపెట్టాడు. ఈస్టర్ పండగ వారం మాకు సాసేజ్ గిరాకీ, ఏడాది బతుకంతా ఆ వారంలోనే ఉంటుంది. ఆ లోపు చెయ్యి రాకపోతే అమ్మేస్తానని చెప్పాను. చెప్పానే గానీ, వస్తుందని నాకు నమ్మకం లేదు. ఆసుపత్రిలో పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మా కుక్కకిచ్చేశాను. పెళ్ళీపెటాకులూ లేనివాణ్ణి, ఆ కొట్టు తప్ప నాకంటూ ఏమీ లేదు. పగలంతా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఫిబ్రవరి చివరి ఆదివారం ఫ్లోరియన్ వచ్చాడు. పలకరింపూ పరామర్శా ఏమీ లేకుండా కంట్రోలర్ నా ఒళ్ళో పడేశాడు.

"ఆడు."

"చెయ్యి చచ్చిపోయిందిరా."

"ఆడి చచ్చిపో."

ఆ ఆటలో ప్రతి వంతెన మీదా ఒక ఎలుగుబంటి కాపలా ఉంటుంది. అది పంజా ఎత్తుతుంది. పంజా కిందపడేలోగా కుడి బొటనవేలితో మీట నొక్కితే డాలు అడ్డం వస్తుంది. నొక్కకపోతే వీరుడు నదిలో తేలతాడు. మొదటి వంతెన దగ్గరే ముప్పై ఒక్కసార్లు తేలాను. కంట్రోలర్ గోడకేసి కొట్టి, నోటికొచ్చినట్టు తిట్టాను, ఎలుగునీ వాణ్ణీ కలిపి.

ఫ్లోరియన్ డిస్క్ బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. "గీతలు పడ్డాయి. తుడిచి తెస్తాను," అని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం తెచ్చాడు. నా చెయ్యి బాగాలేదని తనే ఆట యంత్రంలో పెట్టాడు. ఎలుగు పంజా ఎత్తింది. నా బొటనవేలు తాపీగా బయల్దేరి, దారిలో రెండుచోట్ల ఆగి, మీట చేరింది. డాలు లేచింది! తొమ్మిదో ప్రయత్నంలో మొదటి వంతెన దాటాను.

"ఈ ఎలుగు ఇవాళ బద్ధకంగా ఉందేంరా?"

"నోరు మూసుకుని ఆడు," అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. బయట చలి కదా అనుకున్నాను.

అలా ప్రతి ఆదివారం ఒక వంతెన. ఆట అయిపోగానే డిస్క్ తుడవడానికి పట్టుకుపోయేవాడు. వారం వారం ఎలుగు చురుగ్గా కదులుతున్నట్టు అనిపించేది. ఆటన్నాక ముందుకెళ్ళేకొద్దీ కష్టం కాక సుఖమవుతుందా అని సరిపెట్టుకున్నాను. వారం మధ్యలో ఊరుకోలేక కుక్క నోట్లోంచి బంతి లాక్కుని పిసకడం మొదలుపెట్టాను. కుక్క నన్ను క్షమించలేదు.

ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఏడో వంతెన. పద్నాలుగుసార్లు నదిలో పడ్డాను. ఫ్లోరియన్ కూర్చోలేదు, నా వెనక నిలబడి చొక్కా అంచు నలుపుతున్నాడు. పదిహేనోసారి పంజా లేచీ లేవగానే నా వేలు, నేను చెప్పకముందే, మీట మీద ఉంది. ఎలుగు వెనక్కి పడింది. ఫ్లోరియన్ నేలమీద చతికిలబడిపోయి, "తూగింది," అన్నాడు మెల్లగా. వాడి భాషలో మెచ్చుకోవడం అంతేలే అనుకున్నాను. డిస్క్ తీసి, ఆ రోజు మాత్రం పట్టుకుపోకుండా డబ్బాలో పెట్టి నా అలమరలో ఉంచాడు. పట్టాభిషేకం కూడా చూసేశాం కనుక నేను దాన్ని మళ్ళీ తెరవలేదు.

సోమవారం పొద్దున కొట్టు తలుపులు తీశాను. కత్తి పట్టుకున్నాను. చేతికి తొందర లేదు గానీ వణుకు లేదు. పక్క ఊరాయనకి ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పాను. ఆ ఈస్టర్‌కి సాసేజ్ కొన్నవాళ్ళందరూ దాంతోపాటు ఏడు ఎలుగుల కథ కూడా పట్టుకెళ్ళారు, కావాలన్నా వద్దన్నా.

తర్వాత రెండేళ్ళపాటు నన్ను భరించినందుకు మా ఊరికి పుణ్యం వస్తుంది. శుక్రవారం చేపల వేపుడుకి అందరం చేరే హోటల్లో నాది ఒకటే పాట: "ఒంటి చేత్తో, ఒక్క డాలుతో, ఒక్కటంటే ఒక్క మోసం లేకుండా! ఇదుగో, వీడూ ఉన్నాడు, తొంభై తొమ్మిది కత్తుల మొనగాడు!" అందరూ నవ్వేవాళ్ళు. ఫ్లోరియన్ తల వంచుకుని చేప తినేవాడు. చెవులు మాత్రం టమాటాలు.

ఆ రెండో ఏడు వసంతంలో మంచు ఒక్కసారిగా కరిగి వాడి బేస్‌మెంట్‌లోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. సామాన్లు పైకి చేర్చడానికి వెళ్ళాను. వాడు కంప్యూటర్ పెట్టుకునే బల్ల కింద ఒక రేకుడబ్బా తేలుతోంది. మూత తీశాను. లోపల ఇంట్లో తయారుచేసిన డిస్కులు ఆరు ఉన్నాయి. ప్రతి దాని కవరు మీదా ఎర్ర చీటీ.

మొదటి దాని మీద ఇలా ఉంది: "తిరస్కరించడమైనది. ఎలుగు పంజా వేగం నూటికి నలభై. మార్చి రెండు. ఎఫ్. కోనోప్కా." రెండోది నూటికి యాభై. మూడోది అరవై. ఆరోది తొంభై, ఏప్రిల్ ఆరు.

నా యంత్రం పొట్ట కోసి, ఇంట్లో చేసిన డిస్కులు కూడా ఆడేలా చిప్ అతికించింది ఎప్పుడో వీడే. తుడవడానికని నా డిస్క్ పట్టుకెళ్ళి, ఎలుగుని నెమ్మది చేసిన నకలు తెచ్చి పెట్టేవాడని ఇప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. సిగ్గు వెంట కోపం వచ్చింది. రెండేళ్ళు ఊరందరి ముందూ కోతలు కోశాను. వీడు ఎదురుగా కూర్చుని చేప తిన్నాడు! నేను గెలవనేలేదు. మరి ఈ చెయ్యి మీద నేను పెట్టుకున్న నమ్మకమంతా ఏమిటి?

లోరెయిన్ ఊరగాయ సీసాలు గుండెలకి హత్తుకుని వాడు నీళ్ళలో నడిచొస్తున్నాడు. డబ్బా చూసి ఆగిపోయాడు.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"చదివావుగా."

"కాటాకి అవతల మనిషుంటే తప్పన్నావు. మరి అవతల నేను లేనా? నేను మనిషిని కానా?"

"ఉన్నావు. అందుకే ఎర్ర చీటీ అతికించాను." సీసాలు ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. "ఆరుసార్లు తప్పు చేశాన్రా. చర్చిలో ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను కూడా."

"ఆయనేమన్నాడు?"

"ఎలుగుబంటిని ఎక్కడ దాచావని అడిగాడు."

నవ్వొచ్చింది. నవ్వకూడదని పళ్ళు బిగించాను. "రెండేళ్ళు నేను వాగుతుంటే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పేది నిజమే కదా, ఏం చెప్పను?"

"నిజమేమిట్రా! ఆరు డిస్కులున్నాయిక్కడ!"

"వంతెనలెన్ని?"

డబ్బాలో కవర్లు మళ్ళీ లెక్కపెట్టాను.

"ఏడోది నీ దగ్గరుంది, వెళ్ళి చూసుకో," అన్నాడు. "ముందు ఈ సీసాలు పట్టుకో. పగిలితే లోరెయిన్ నా మీద అతికిస్తుంది చీటీ."

సీసాలు పైకి చేర్చి, తడి బూట్లతోనే ఇంటికి వెళ్ళాను. అలమరలోంచి డబ్బా తీసి మూత తెరిచాను. అది నా సొంత డిస్కే, షాపులో కొన్నదే, ఎవరూ తాకనిదే. మూత లోపలివైపు ఆకుపచ్చ చీటీ ఉంది. "పరీక్షించడమైనది. ఎలుగు పంజా వేగం నూటికి నూరు. ఏప్రిల్ పదమూడు. తూకం సరిపోయింది. ఎఫ్. కోనోప్కా."

మూతని వెలుతురుకి పెట్టి మళ్ళీ చదివాను, కుడి చేత్తోనే పట్టుకుని. కుక్క వచ్చి బంతి నా కాళ్ళ దగ్గర పెట్టింది. వారాల తరబడి బేస్‌మెంట్‌లో కూర్చుని, ఎలుగు పంజాని పదేసి వంతులు పెంచుతూ, తప్పు చేస్తున్నానని ప్రతిసారీ సంతకం పెట్టుకున్న ఆ వెర్రివాణ్ణి తలుచుకుంటే కడుపు నిండిపోయింది.

శనివారం ఎప్పట్లాగే పౌను సాసేజ్‌కి వచ్చాడు. పొట్లం కట్టి ఇచ్చాను. వాడు బుల్లి కాటా తీసి తూచాడు. కాగితం తీసేసి మళ్ళీ తూచాడు.

"ఒకటిన్నర పౌను ఉంది. నేను పౌనుకే డబ్బిచ్చాను."

"అవును."

"ఎక్కువ తూచినా తప్పేరా, బెర్నీ."

"తెలుసు. తప్పే. ఏం చేస్తావో చేసుకో."

వాడు చొక్కా జేబులోంచి కట్ట తీశాడు. చెవులు భగ్గుమన్నాయి. పొట్లం మీద ఎర్ర చీటీ అతికించి, నూటికి నూటయాభై అని రాసి, సంతకం పెట్టి, సాసేజ్ చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు.