బుగులూ గుబులూ

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. ఇవాళ బంద్ అంటే రేపు రాస్తారోకో. దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాల షట్టర్లు సగమే పైకి లేచేవి. బడి ఎప్పుడుంటుందో, ఎప్పుడుండదో ఎవరికీ తెలియదు. పిల్లల చదువులు అటకెక్కాయి, పిల్లలు మాత్రం మా మెట్లెక్కారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో మేముండే బిల్డింగ్‌కు ఆ మెట్లే ఆటస్థలం.

నేను ఇంట్లో కూర్చుని కథలు రాసుకునే మనిషిని. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు తలుపు తీసి, చేతికందిన తెల్లకాగితాలు వాళ్ల ముందు పడేసి, "అరిచింది చాలు గానీ కూర్చుని కథ రాయండి" అన్నాను. వాళ్ల నోళ్లు మూయించడానికి అన్నానే తప్ప అందులో గొప్ప ఆశయమేమీ లేదు. చాలామంది కాగితాలతో విమానాలు చేసుకుని పోయారు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. కింది వాటా అమ్మాయిది నల్లగొండ వైపు పల్లె, వాళ్ల నాన్న మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. పై అంతస్తు అమ్మాయిది విజయవాడ, వాళ్ల నాన్న కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. ఇద్దరూ నన్ను ఆంటీ అనేవారు. ఆ పిలుపు నాకు సుతరామూ గిట్టదు, అయినా పలికేదాన్ని.

ఇద్దరూ కలిసి ఒకే కథ మొదలుపెట్టారు, ఒక పేరా ఒకరు, తర్వాతి పేరా ఇంకొకరు. బత్తాయిల లారీలో పొరపాటున పట్నం వచ్చిన మేకపిల్ల, బంద్ రోజున ఖాళీ మార్కెట్లో దిగి, ఊరికి దారి వెతుక్కుంటుంది. లారీలో అది ఏం తిన్నదని అడిగితే, ఇద్దరూ నన్ను జాలిగా చూసి, "బత్తాయిలు" అన్నారు. ఇక రోజూ నా సొంత కథ పక్కనపెట్టి ఆ మేకపిల్ల ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి మెట్ల దగ్గరికి పోవడం నాకు అలవాటైంది.

ఒక పొద్దున పంచాయితీ నా గుమ్మం దాకా వచ్చింది. కింది అమ్మాయి 'కుక్కలను చూసి మేకపిల్లకు మస్తు బుగులైంది' అని రాసింది. పై అమ్మాయి ఆ మాట కొట్టేసి 'గుబులు' అని దిద్దింది.

"అక్షరాలు తారుమారు చేసిందాంటీ. గుబులు కదా?"

"మా ఇంట్ల అందరం బుగులే అంటం. గామెనే తప్పు రాసింది."

అప్పట్లో టీకొట్ల దగ్గర పెద్దవాళ్లు ఇంతకంటే చిన్న మాటకే 'మీ భాష, మా భాష' అని కాలర్లు పట్టుకునేవారు. తీర్పు చెబితే ఒకరు ఏడవడం ఖాయం. పైగా నిజంగానే నాకు తెలుసుకోవాలనిపించింది. "బుగులు ఎప్పుడైతుందో నువ్వు చెప్పు" అన్నాను కింది అమ్మాయితో.

"కుక్క ఎంటవడితె అయితది."

"మరి గుబులో?"

పై అమ్మాయి తమ వాటా వైపు వేలు చూపించింది. "నాన్న రావడం ఆలస్యమైతే అమ్మ కిటికీ దగ్గర నిలబడుతుంది కదా, అదీ."

ఇన్నేళ్లుగా కథలు రాస్తున్నాను, ఈ తేడా నాకెప్పుడూ తట్టలేదు. నిఘంటువు తీయబోయి మానేశాను. పై అమ్మాయి తను కొట్టేసిన మాట కిందే మళ్లీ 'బుగులు' అని రాసి, పెన్ను రెండో ఆమెకిచ్చింది.

తర్వాత మేకపిల్ల నడక ఎందుకో మందగించింది. కింది అమ్మాయి దాన్ని ఎల్బీ నగర్ చౌరస్తా దాటిస్తే, పై అమ్మాయి పోలీసులతో వెనక్కి పంపించేది. సాగర్ రోడ్డెక్కిస్తే వాన కురిపించేది. తుర్కయంజాల్ చేరితే కాలికి ముల్లు గుచ్చేది. "ఎందుకే దాన్ని ఇంటికి పోనిస్తలేవు?" అని రెండో అమ్మాయి విసుక్కునేది. నాకూ అంతుబట్టలేదు. చివరికి నేనే పట్టుబట్టి అడిగాను.

"మేం విజయవాడ వెళ్లిపోతున్నామాంటీ. కోచింగ్ సెంటర్ మూసేశారు. నాన్న అక్కడే ఉద్యోగం చూసుకున్నారు" అంది పై అమ్మాయి. "మేకపిల్ల ఇంటికి వెళ్లిపోతే కథ అయిపోతుంది కదా."

కథకు ముగింపు ఉండాలని పిల్లలకు చెప్పే నేను, ఆ మేకపిల్ల ఎన్నటికీ ఊరు చేరకూడదని కోరుకున్నాను. కింది అమ్మాయి తన వంతు కాగితం తీసుకుని ఇంట్లోకి పోయింది, రెండు రోజులు బయటికి రాలేదు.

వాళ్లు వెళ్లే రోజు సామాన్ల లారీ సందులోకి వచ్చింది. మంచాలు ఎక్కించారు, ఫ్రిజ్ ఎక్కించారు. పై అమ్మాయి గేటు దగ్గర నిలబడి మాటిమాటికీ కింది వాటా తలుపు వైపు చూస్తోంది. వాళ్లమ్మ పిలుస్తున్నా కదలదు. ఆఖరికి తలుపు తెరుచుకుంది. కింది అమ్మాయి వచ్చి కాగితం ఆమె చేతిలో పెట్టింది. నేను భుజం మీదుగా తొంగిచూశాను. మేకపిల్ల ఊరి పొలిమేర దగ్గర ఆగిందట. తల్లిమేక అరుపు వినిపిస్తోందట. కానీ దానికి పట్నంల దోస్తు యాదికొచ్చి గుబులైందట.

పై అమ్మాయి ఆ మాట దగ్గర వేలు పెట్టింది. "తప్పు రాశావే. బుగులు కదా."

"కాదు. ఆడ కుక్కలు లెవ్వు" అంది రెండో అమ్మాయి. "గుబులే."