జుగ్సలాయి తూకం

ఫలానా ఊళ్ళో బాలింతలు రోజుకి ఇంత పప్పు, ఇన్ని పాలు తీసుకుంటున్నారని పేపర్లో వస్తే నేను నమ్మను. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పండి, అప్పుడు నమ్ముతాను. మా ఆయన నాది అనుమానం జబ్బంటాడు. కావచ్చు. పాలవాడు కొలిచి పోస్తుంటే నా చూపు అతని బొటనవేలి మీదే ఉంటుంది. అలాంటిదాన్ని, ఒకే ఒక్కసారి అనుమానించాల్సిన వాళ్ళని వదిలేసి ఊళ్ళో వాళ్ళందర్నీ అనుమానించాను. ఆ తప్పు నా పెద్దకూతురి ప్రాణం మీదికి వచ్చింది.

అప్పటికి ఎమర్జెన్సీ పోయి ఎన్నాళ్ళో కాలేదు. మేం హిందీ మాట్లాడే ఉక్కు కార్ఖానా ఊళ్ళో, సోనారి అనే బస్తీలో ఒంటిగది ఇళ్ళ వరసలో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ఖానాలో కాంట్రాక్టు కింద ఖలాసీ. పెద్ద పెద్ద యంత్రాలకి గొలుసులు కట్టి ఎత్తి దించే పని. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గానీ నాకు అమ్మ లేదు. అందుకని మా అత్త శ్రీకాకుళం వైపు పల్లె నుంచి రైలెక్కి వచ్చి నాకు పురుడు పోసింది. మంచికీ చెడ్డకీ ఆవిడే నాకు అమ్మయింది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటలోనే మా అత్త బిడ్డ తలగడ కింద ఒక ఇనుప నట్టు పెట్టింది. మా ఊళ్ళలో పురిటి మంచం కింద కొడవలి పెడతారు, ఇనుము ఉన్నచోటికి గాలీ ధూళీ రావని. ఈ ఊళ్ళో కొడవలి ఎక్కడ తేవడం? మా ఆయన వర్క్సు నుంచి పెద్ద నిమ్మకాయంత నట్టు పట్టుకొచ్చాడు. పావుకిలో తూగుతుంది. మా వరసలో తెలుగువాళ్ళ ప్రతి పురిటింట్లోనూ ఏదో ఒక నట్టో బోల్టో ఇలా కాపలా కాసేది. దాన్ని ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు.

పదో రోజున దీదీ వచ్చింది. ఆవిడ బరంపురం వైపు తెలుగామె, అయినా బస్తీ అంతా హిందీవాళ్ళలా దీదీ అనే, అక్కా అన్నట్టు, పిలిచేది. భుజాన సంచి. సంచిలో ముల్లు తిరిగే స్ప్రింగు కాటా, ఒక గుడ్డ జోలె, నాలుగు సైజుల స్టీలు గిన్నెలు, దళసరి పుస్తకం. తల్లులు ఏం తింటున్నారో, పిల్లలు ఎలా పెరుగుతున్నారో రాసుకుంటున్నామని చెప్పింది. నెలకోసారి వస్తానంది. మేం ఏమీ ఇవ్వక్కర్లేదు, వాళ్ళూ ఏమీ ఇవ్వరు.

నాకు అక్కడే వచ్చింది పేచీ. ఏమీ ఇవ్వని, ఏమీ పుచ్చుకోని మనిషి ఇంత ఎండలో ఎందుకు తిరుగుతుంది?

మా అత్తకైతే తూకమే నచ్చలేదు.

"బిడ్డని తూయడమేటమ్మా? ఉల్లిపాయలేటి తూయడానికి?"

"పెరుగుతోందో లేదో తెలియాలి కదా పెద్దమ్మా," అంది దీదీ.

"పెరిగితే మాకు తెల్దేటి? మేం పెంచనేదా పిల్లల్ని?"

దీదీ నవ్వి, ఉయ్యాల కట్టే కొక్కేనికి కాటా తగిలించి, బిడ్డని జోలెలో పడుకోబెట్టింది. ముల్లు రెండున్నర కిలోల దగ్గర ఆగింది. చుట్టిన గుడ్డ బరువు వేరే తీసేసింది కూడా. నొసలు ముడిచి, నల్ల పెన్ను పక్కన పెట్టి, ఎర్ర పెన్నుతో రాసింది. తిండి సంగతులు వచ్చేసారి అడుగుతానని వెళ్ళిపోయింది. మా అత్తకి చదువు రాదు గానీ ఎర్రరంగు తెలుసు.

ఆ సాయంత్రం పక్కింటి పిన్ని వార్త మోసుకొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఎర్రసిరా పడ్డ పసిగుంటల్ని ఆస్పత్రికి ఎత్తుకుపోతారంట. తల్లికి మరి పిల్లలు పుట్టకుండా ఆపరేసన్ సేసేత్తారంట. మొన్నటిదాకా మొగోళ్ళని జీపుల్లో పట్టుకుపోనేదేటి? ఇప్పుడు ఆడోళ్ళ మీద పడ్డారు." నా వైపు తిరిగి ఇంకో మాట కూడా చెప్పింది. "ఏటి తిన్నావని అడిగితే నేదనకు పిల్లా. మొగుడు పెళ్ళానికి తిండెట్టలేడని రాసేత్తారు. అది వర్క్సు దాకా పోతాది."

నేను నమ్మాను. మా వరసలో ఆ రోజుల్లో నమ్మని ఇల్లు లేదు. బస్టాండులో మనుషుల్ని లాక్కుపోయిన సంగతులు అందరూ విన్నవే, కొందరు చూసినవే.

రెండో నెల దీదీ వచ్చే వేళకి మా అత్త బిడ్డకి స్నానం చేయించి, పొత్తిగుడ్డల్లో మెడ దాకా చుట్టి, తనే తెచ్చి జోలెలో పెట్టింది. గుడ్డ విప్పొద్దు, గాలి కొడుతుందని కసిరింది. ముల్లు మూడు కిలోలు చూపించింది. దీదీ ముఖం విప్పారింది. నల్లసిరాతో రాసి, నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, గిన్నెలు వరసగా పేర్చింది.

"నిన్న పొద్దున్న లేచినకాడినుంచి ఏమేం తిన్నావో చెప్పు. ఏ గిన్నెతో ఎంత?"

మా అత్త నా పక్కనే కూర్చుంది, మోకాలు మోకాలుకి తగిలేంత దగ్గరగా. నేను పెద్ద గిన్నె చూపించి పప్పన్నాను. పొద్దున్న గుడ్డన్నాను. తోటకూరన్నాను. పడుకునే ముందు గ్లాసుడు పాలన్నాను. పెళ్ళిభోజనం వడ్డించినట్టు వడ్డించాను. ఆవిడ అంతా రాసుకుంది.

నిజం చెప్పాలంటే నేను తింటున్నది పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. పూటకి అంతే. ఆకుకూర తింటే బిడ్డకి విరేచనాలు, పప్పు తింటే వాయువు, పెరుగు తింటే పడిశం. నీళ్ళు తాగితే పొట్ట జారిపోతుందని రోజుకి చిన్న చెంబుడు, అదీ కాచి, మా అత్త చేత్తో కొలిచి ఇచ్చేది. ఈ పథ్యం మామూలుగా నలభై రోజులు. కానీ బిడ్డ చిక్కుతోంది. తల్లి తిండిలో ఏదో దోషం ఉందని మా అత్త పథ్యం ఇంకా బిగించింది. పథ్యం బిగిసినకొద్దీ నా పాలు తగ్గాయి, పాలు తగ్గినకొద్దీ బిడ్డ చిక్కింది, బిడ్డ చిక్కినకొద్దీ పథ్యం బిగిసింది. వేసవిలో ఆ దాహం తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక పిడచకట్టుకుపోతుంది. ఒక ఇనుము చాలటం లేదని మా అత్త కొడుకుని అడిగి ఇంకో నట్టు కూడా తెప్పించింది.

మూడోసారీ మా అత్తే బిడ్డని అలాగే చుట్టి జోలెలో పెట్టింది, ముల్లు మూడుంబావు చూపించింది. దీదీ సంతోషించి, "మంచి తల్లివి," అని నా భుజం తట్టింది.

మంచి తల్లినట! బిడ్డ తొడలు ముసలిదాని బుగ్గల్లా ముడతలు పడి ఉన్నాయి. ఏడిస్తే గొంతు గది దాటడం లేదు. ఎత్తుకుంటే చేతికి బరువే తెలియడం లేదు. పెరుగుతున్నదంతా ఆ కాటాలోనే పెరుగుతోంది. ఇంకేముంది, దొరికిపోయిందనుకున్నాను. పైవాళ్ళకి పిల్లలంతా బాగున్నారని చూపించుకోడానికి దొంగకాటా పట్టుకు తిరుగుతోంది మహాతల్లి!

మర్నాడు మా అత్త కుళాయి దగ్గర వరసలో నిలబడ్డప్పుడు బిడ్డని కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కి జుగ్సలాయి బజారుకి వెళ్ళాను. పురుడయ్యాక గడప దాటడం అదే మొదలు. మేం నెలనెలా బియ్యం తెచ్చుకునే కొట్టు సేటు దగ్గరకు వెళ్ళి బిడ్డని తూచమన్నాను. ముసలాయన రెండు చేతులూ చెవులకి తాకించుకున్నాడు. ధాన్యం తూచే తక్కెడలో లక్ష్మిని ఎలా పెట్టమంటావని హిందీలో కోప్పడ్డాడు. నేను కదల్లేదు. ఏడుపొచ్చేసింది, అయినా కదల్లేదు. చివరికి తన మెడలో తువ్వాలు తీసి పళ్ళెంలో పరిచాడు.

రెండు కిలోల రాయి వేశాడు. అర వేశాడు. పావు వేశాడు. తక్కెడ సమంగా నిలిచింది. మూడుసార్లు తూయించాను, మూడుసార్లూ అంతే. రెండుముప్పావు.

"దూధ్ పూరా నహీ పడ్ రహా, బేటీ," అన్నాడాయన మెల్లిగా. పాలు చాలటం లేదని బియ్యం అమ్ముకునేవాడికి కూడా తెలిసిపోయింది.

మా వరస పూర్తి చేయడానికి దీదీకి రెండు మూడు రోజులు పట్టేది. నేను తిరిగొచ్చేసరికి పిన్ని అరుగు మీద పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంది. నోటికొచ్చినట్టు తిట్టాను. వీధి వీధంతా బయటికొచ్చింది.

"నీ కాటా దొంగది! అరకిలో ఎక్కువ సూపిత్తంది! ఎవల్ని మోసం సేత్తన్నావు?"

దీదీ మాట తూలలేదు. లేచి మా ఇంటికి నడిచి, కొక్కేనికి కాటా తగిలించి, నా చేతుల్లోంచి బిడ్డని తీసి జోలెలో పెట్టింది. ముల్లు వచ్చి రెండుముప్పావు దగ్గర నిలిచింది. జుగ్సలాయి సేటు చెప్పిందే చెప్పింది.

ఆవిడ పుస్తకం చూసింది, ముల్లు చూసింది. "నిన్న మూడుంబావు. ఒక్క రోజులో అరకిలో ఎక్కడికి పోతుంది? నిన్న జోలెలో ఎవరు పెట్టారు?"

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అత్త నీళ్ళబిందె దించి గుమ్మంలోనే నిలబడిపోయింది. తరవాత లోపలికొచ్చి, తలగడ కింద చెయ్యి పెట్టి, పొత్తిగుడ్డలో మూటగట్టిన రెండు నట్లూ తీసింది. నేను బిడ్డని ఎత్తుకోగానే వాటిని తనే జోలెలో వేసింది. ముల్లు అరకిలో దగ్గరికి పోయింది.

"సంపేత్తన్నావు నా బిడ్డని!" అని అరిచాను. అత్తని అలా అనడం అదే మొదలు.

ఆవిడ నా మీదికి రాలేదు. దీదీ వైపు చూసి చెప్పింది. "నా మొదటి గుంటని ఇలాగే ఎవలో సూసి, బలం నేదని ఆస్పత్రికి అట్టుకుపోనారు. గుడ్డ తిరిగొచ్చింది. గుంట రానేదు. ఇదీ పోతాదని బయమేసింది. మొదట ఒకటెట్టినాను. మీరు నవ్వినారు. మరి రెండోది కూడా ఎట్టినాను."

నాకు కోపం పోలేదు. ఈ మాటకి వెంటనే కరిగిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ కోపం చాలా ఏళ్ళు ఉంది.

దీదీ మూడుంబావుని కొట్టేసింది, దాని పైన మూడుని కూడా కొట్టేసింది. తరవాత నా తిండి పేజీ తిప్పి, నా కళ్ళలోకి చూసింది.

"ఇందులో ఎంత ఇనుముంది?"

పప్పు, గుడ్డు, తోటకూర, గ్లాసుడు పాలు. అన్నీ నీటైన అక్షరాల్లో ఉన్నాయి. నా బిడ్డ చిక్కిపోతుంటే, మంచి తల్లివి అని నా భుజం తట్టించినవి అవే. మా అత్త నట్లు దాచింది, నేను ఆకలి దాచాను. కాటాని దొంగదని వీధిలో కేకలేసి వచ్చినదాన్ని నేనే. తల దించుకుని నిలబడ్డాను.

జవాబు మా అత్త నుంచి వచ్చింది.

"గుడ్డు నేదు. పాలు నేవు. పప్పు నేదు. నీళ్ళు కూడా నానే కొలిసి ఇచ్చినాను. ఎర్రసిరాతోనే రాసుకోమ్మా."

దీదీ రాసుకుని, తాగడానికి నీళ్ళడిగింది. మా అత్త చెంబు నిండా ముంచి ఇచ్చింది. దీదీ అది తాగకుండా నా చేతికిచ్చింది. నేను మా అత్త ముఖం చూస్తూ మొత్తం తాగాను. అడ్డం చెప్తుందేమోనని చూశాను. ఆవిడ ఖాళీ చెంబు తీసుకెళ్ళి మళ్ళీ నింపుకొచ్చింది.

ఆ నెలంతా నేను కనిపించినదల్లా తిన్నాను. పప్పు, ఆకుకూర, గంజి, దొరికిన రోజు గుడ్డు. వారానికోసారి దీదీ వచ్చి చూసిపోయేది. ఆసుపత్రి మాట ఎత్తినప్పుడల్లా నేను బిడ్డని ఒళ్ళోకి లాక్కునేదాన్ని. మూడో వారానికి బిడ్డ ఏడుపు పక్కింటి పిన్నికి వినిపించింది.

నెల తిరిగి దీదీ కాటా తగిలించేసరికి, మా అత్త బిడ్డ ఒంటి మీద గుడ్డలన్నీ విప్పేసింది. చేతుల నల్లగాజులు తీసింది. దిష్టిపూసల మొలతాడు కూడా విప్పి పక్కన పెట్టింది. పుట్టిన బిడ్డకి మొలతాడు విప్పడం మా ఇళ్ళలో ఎంత పనో తెలిసినవాళ్ళకి తెలుసు. దీదీయే వద్దంది, దారం బరువెంతని. ఆవిడ వినలేదు.

ముల్లు ఊగి ఊగి మూడుంబావు దగ్గర ఆగింది. కిందటి నెల కొట్టేసిన అంకే. మా అత్త నేల మీద కూర్చుని, జోలె కిందకి వంగి, పైకీ కిందకీ చూసింది, ఇంకేమైనా వేలాడుతోందేమోనని.

"ఏ సిరా?" అని అడిగింది.

"ఇంకా ఎర్రదే పెద్దమ్మా. నాలుగో నెల నడుస్తున్న పిల్లకి ఇది చాలదు."

"ఎర్రదే రాయి," అంది మా అత్త. "ఇది దాని సొంత బరువు."