లేవకు అత్తమ్మా

కొన్ని దినాల సంది నా ఇంట్ల నేనే దొంగ లెక్క తిరుగుతున్న. చెప్పులు కింది మెట్ల కాడనే ఇడుస్తున్న. తలుపు చప్పుడు కాకుంట తీసి, గోడ పొంటి నడిచి, సీదా అర్రలకు పోతున్న. హాల్ల మా అత్తమ్మ కూసొని ఉంటది. నేను కనబడితె లేస్తది. ఆమె మోకాళ్ల ఆపరేషన్ తారీకు వచ్చేదాంక నాకు గీ దొంగ నడకే.

మా దిక్కు అల్లుడొస్తె అత్త లేసి నిలబడాలె. ఆయన ముందట కుర్చీల కూసోవద్దు, సూటిగ మాట్లాడొద్దు. పండుగకో పబ్బానికో పోయే అల్లునికైతె అది చెల్లుతది. మామ పోయినంక మేము అత్తమ్మను చెన్నూరు నుంచి కరీంనగర్ల మా ఇంటికే తెచ్చుకుంటిమి. ఇంక చూడుండ్రి, నేను మంచినీళ్లకు పోయినా లేసుడే, పేపరు తెచ్చుకున్నా లేసుడే. "జర కూసోరాదు అత్తమ్మా" అని మొదట్ల అన్న. ఆమె నా పెండ్లాం దిక్కు తిరిగి, "గట్లెట్ల కూసుంటనే? ఎవలన్న సూస్తె ఏమంటరు?" అన్నది. నిజం చెప్పాలంటె, లోపల సంబురమే అయింది. నా మోటార్ల దుకాణంల పనోళ్లు సుత నా మాట ఇనరు. ఇంట్ల ఒక్కరన్న నన్ను జూసి లేస్తుండ్రు గదా అనుకున్న. థూ, నా బతుకు!

ఆమెకు మోకాళ్లు నొస్తున్నయ్. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కిన దినం సంది మళ్ల కిందికి దిగలే. కొండగట్టు పోయి అంజన్న మొక్కు తీర్చుకోవాలె, గదొక్కటే ఆమె కోరిక. నా పెండ్లాం ఎట్లనో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మను పట్టింది. ఫోన్ వీడియోలనే ఆమె లేసుడు, నడుసుడు జూసి, కసరత్తు సరిపోతదా, దవాఖానకు తోల్కపోవాల్నా చెప్తనన్నది.

మొదటిసారి నా పెండ్లాం బడికి పోయింది, టీచరు గదా. ఫోన్ నేను పట్టుకున్న. "అమ్మా, కుర్చీల కూసొని, చేతులు రొమ్ము మీద పెట్టుకొని లేవుండ్రి" అన్నది డాక్టరమ్మ. అత్తమ్మ కుర్చీ పక్కకు నిలబడ్డదే గాని కూసోదు. నాకు కోపం ముక్కు మీదుంటది. "డాక్టరు చెప్తుంది గదా, కూసో!" అన్న. అంచు మీద ఇంతంత ఆని, కొంగు నిండ కప్పుకున్నది. కూసున్నదో లేదో లేసింది. మళ్ల చెప్తె మళ్ల లేసింది. తలుపు దాంక నడిచి వచ్చింది. పెదవులు బిగవట్టుకున్నది నేను జూసిన. సిగ్గనుకున్న.

"ఈ వయసుల చాన మంచిగ లేస్తున్నరు, కసరత్తు చాలు" అన్నది డాక్టరమ్మ. పొద్దుమీకి నా పెండ్లాం ఇంటికి రాంగనే మీసం మెలేసుకుంట చెప్పిన, "మీ అవ్వకు ఏం రోగం లేదు. నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్."

కసరత్తు చేసినా నొప్పి తగ్గలే, ఇంక పెరిగింది. రెండోసారి నా పెండ్లాం సెలవు పెట్టి, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనిచ్చి తనే చూపెట్టింది. "నువ్వు గూడ ఇను" అని దుకాణంల ఉన్న నన్ను గూడ ఆ కాల్‌ల కలిపింది. గిరాకి ఉన్నదని నా దిక్కు మైకు బంద్ చేసి, ఫోన్ గల్లపెట్టె మీద పెట్టుకొని చూస్తున్న.

అత్తమ్మ కుర్చీల నిండుగ, ఎనుకకు ఆని కూసున్నది. ఆమెను గట్ల నేను ఎన్నడు చూడలే. లెవ్వుమంటె లేవలే. మోకాళ్ల మీద చేతులు పెట్టి, "అయ్యో నా అవ్వా" అనుకుంట సగం లేసి కూలబడ్డది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"పోయినసారి మంచిగనే లేసిండ్రు కదమ్మా?" అన్నది డాక్టరమ్మ.

"గప్పుడు ఎదురుంగ అల్లుడుండె బిడ్డా. పానం పోయినా లేవాలె గద."

"ఇంట్ల దినాం ఎన్నిసార్లు లేస్తరు?"

"అల్లుడు ఎన్నిసార్లు తిరిగితె గన్నిసార్లు."

నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. ముందట గిరాకి ఏందో అడుగుతుండు, ఒక్క ముక్క చెవికెక్కుతలే. ఆమె మోకాళ్లు అరగదీసింది వయసు కాదు, నేనే. ఊకె నీళ్లకు, పేపరుకు, టీవీ రిమోటుకు లేసి తిరిగిన నేను.

"ఇంక ఆలస్యం చెయ్యొద్దు, దవాఖానకు తీసుకరాండ్రి" అన్నది డాక్టరమ్మ. నా పెండ్లానికి దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చినయ్. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా అవ్వా? ఇగో, ఆయన గూడ ఇంటుండు, ఫోన్లనే ఉన్నడు" అన్నది.

అత్తమ్మ ఉలిక్కిపడ్డది. ఫోన్ దిక్కు జూసింది. కొంగు సర్దుకున్నది. రెండు చేతులు కుర్చీకి ఆనిచ్చి, పండ్లు బిగవట్టి, లేసుడు షురూ చేసింది.

"లేవకు అత్తమ్మా! లేవకు!" దుకాణమంత ఇనబడేటట్టు ఒర్రిన. మైకు బందుండె. ఆమెకు ఇనబడలే. కాళ్లు వణుకుతుంటె, నా దిక్కు ముఖం పెట్టి నిలబడ్డది. నాకు మైకు బొత్తాం దొరకలే. ఎర్రది ఒత్తి ఫోనే కట్ చేసిన.

నేను ఫోన్లకెల్లి పోయిన్నని చెప్పినంకనే కూసున్నదట.