నాలుగు వేళ్ల పచ్చి

మర్రిగూడ దిక్కు బత్తాయి చెట్ల మొదళ్లకు బంక కారితే జానయ్యకు కబురు పోతుంది. ఆయన మొదలు దగ్గర గొంతుక్కూర్చుని, పదునైన చిన్న కత్తితో కుళ్లిన బెరడు తీసేసి, పచ్చి కనిపించాక మందు పూస్తాడు. ఆ పనిని అక్కడ చెక్కుడు అంటారు.

ఆ మాట కోసం నేను నిఘంటువులు తిరగేశాను. చెక్కడమంటే పైపొర తీసివేయడం. ఊడిపడిన పేడు పేరు చెక్క. రెండూ ఒక మూలం నుంచి వచ్చినవే, కన్నడం వాళ్లు ఆ పేడునే చక్కె అంటారు. ఇదంతా చెబితే జానయ్య ఓపికగా విన్నాడు.

"పడ్డదాని గురించే రాసిండ్రు సారు. నిలబడ్డదాని గురించి రాయలేదా?"

ఆ ప్రశ్న నాకు గుర్వమ్మ తోటలో అర్థమైంది. తెలంగాణ వచ్చిన ఏడు ఆమె భర్త మారయ్య అరవై చెట్లు పెట్టి, కాపు చూడకుండానే పోయాడు. కొడుకు విజేందర్ నాయిన చెట్లన్న ప్రేమకొద్దీ చెరువు మట్టి తెచ్చి మొదళ్ల చుట్టూ గుట్టలుగా పోశాడు. అంటు కట్టిన చోటు మట్టిలో మునిగి, చెట్లన్నీ బంక కార్చాయి. తప్పు తనదని తెలిశాక విజేందర్ ఆ తోటను చూడలేకపోయాడు. పీకేసి పత్తి పెడతానని, సోమవారానికి జేసీబీ మాట్లాడుకున్నాడు. గుర్వమ్మ శనివారమే జానయ్యను పిలిపించింది.

మట్టి లాగి, రెండు రోజులు చెట్టు చెట్టూ చెక్కాడు. గట్టు పక్కన మారయ్య మొదట నాటిన చెట్టుకు కుళ్లు దాదాపు చుట్టూ తిరిగింది. నాలుగు వేళ్ల వెడల్పు బెరడు మిగిలిన చోట జానయ్య ఆగిపోయాడు. అక్కడ కూడా కొంచెం నల్లగానే ఉంది.

"సగం పనేంది మామా? మొత్తం తీసెయ్యి" అన్నాడు అప్పుడే తోటకు వచ్చిన విజేందర్.

జానయ్య కత్తి తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు గట్లనే సుట్టూ చెక్కిన. మా బాపు పెట్టిన చెట్టు, నలభై దినాలకు ఎండింది. గీ నాలుగు వేళ్లు ఉండనియ్యి బిడ్డా. వానలు పడ్డంక నీ ఇష్టం."

విజేందర్ చాలాసేపు ఆ పట్టీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత జేసీబీ అతనికి ఫోన్ చేసి రావద్దన్నాడు.

వానలు వెళ్లేసరికి అయిదు చెట్లు పోయాయి. మిగిలినవాటికి గాయం అంచుల నుంచి కొత్త బెరడు పెదవుల్లా మూసుకొచ్చింది. గట్టు పక్క చెట్టు నిరుడు రెండు గంపలు కాసింది.

మొన్న పక్క తోటలో విజేందర్ చెక్కుతుంటే చూశాను. కత్తి పెట్టే ముందు, బెరడు మీద నాలుగు వేళ్లు ఆనించి కొలుచుకుంటున్నాడు.