లాబీలో సోదా

కాబూల్‌లో రెండేళ్లు ఓ విదేశీ కంపెనీకి సెక్యూరిటీ సలహాదారుగా చేశాను. అప్పటి నా దుబాసీ కరీమ్ ఇప్పుడు షార్జాలోనే ఉన్నాడని తెలిసి, ఓ ఆదివారం అల్ నహ్దాలోని మా ఫ్లాటుకి భోజనానికి పిలిచాను.

కిందికెళ్లి నేనే తీసుకొస్తున్నాను. లాబీలో మమ్మల్ని చూసి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. అంతే, కరీమ్ తను తెచ్చిన కిస్‌మిస్ పొట్లం బల్లమీద విప్పిపెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

వాచ్‌మన్‌ది నిజామాబాద్. "గిదేంది సార్, నేను సలాం చేద్దామని లేస్తే?" అని బిత్తరపోయాడు.

కాబూల్‌లో మా గేటు దగ్గర కరీమ్‌ని రోజూ అలా నిలబెట్టి, ఒళ్లంతా తడిమాకే లోపలికి పంపేవాళ్లు. నేను మాత్రం కార్డు ఊపుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ణి.

లాబీ సంగతి విని మా ఆవిడ అన్నాల దగ్గర హిందీలో అడిగింది, "రోజూ అలా చేస్తుంటే కష్టమనిపించలేదా భాయ్‌సాబ్?"

"పైవాళ్ల రూలు భాభీ. పాపం, సార్ మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు కరీమ్.

ఆ రూలు రాసి పైకి పంపింది నేనే.

"ఇంకాస్త పప్పు వేసుకో," అని గిన్నె అతని వైపు జరిపాను.