మా పిల్లికి జబ్బేమీ లేదు

అవును, నేను పిల్లితో మాట్లాడతాను. దానికి పేరు పెట్టలేదు, బిడ్డా అని పిలుస్తాను. నా పళ్ళెంలో చేప ముక్క ఉంటే ముల్లు తీసి ముందు దానికే పెడతాను. మా వీధిలో ఈ సంగతికి నవ్వని మనిషి లేదు. నవ్వుకోండి. నేనేం మీ ఇంటి ఉప్పు తిని బతకడం లేదు.

మాది సూరత్‌లో మగ్గాల వాళ్ళ వీధి. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలే ఎక్కువ. మా గోడకు అవతల కార్ఖానా, పొద్దస్తమానం మరమగ్గాల మోత. ఆ మోతలో బతికినవాళ్ళకు చెవులు మందగిస్తాయి, గొంతు పెరుగుతుంది. మా వాళ్ళు పక్కింటికి వెళ్ళి ఉప్పు అడిగినా తగవుకు వచ్చినట్టే ఉంటుంది. కొత్తగా వచ్చిన గుజరాతీ పాలతను, మా ఆయన "అర లీటర్" అనగానే క్యాను పట్టుకుని మెట్టు దిగిపోయాడు. కోపం కాదు నాయనా, మా మాటే అంత అని నేను వెనక పరుగెత్తి చెప్పాల్సి వచ్చింది.

చెప్పిందీ అరిచే. నేనేం తక్కువ తిన్నానా? పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా ఆ కార్ఖానాలోనే కండెలకు నూలు చుట్టాను. నా గొంతుకు వీధి చివరి ఆటోవాడు కూడా ఆగుతాడు.

పిల్లి ఒక వానాకాలం వచ్చింది. కార్ఖానా వెనక పారేసిన నూలు చిక్కుల కుప్పలోంచి తడిసి ముద్దయి వచ్చి, మా మంచం కింద గోనెసంచిలో దూరింది. బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి మూతి. పాలు పోసి "రా బిడ్డా, రా" అన్నాను. సంచిలో ఇంకా లోపలికి పోయింది. మళ్ళీ పిలిచాను. నేను పిలిచేకొద్దీ అది గోడకు అంటుకుపోయింది. ఎంత పొగరే నీకు అని తిట్టాను కూడా.

తర్వాత నాకు జ్వరం వచ్చి గొంతు పూర్తిగా పోయింది. మంచం మీద పడుకుని, చెయ్యి కిందికి వేలాడేసి, ఊపిరితోనే "బిడ్డా" అన్నాను. ఏదో తడిగా నా వేలికి తగిలింది. చూస్తే దాని ముక్కు. అప్పుడు తెలిసింది నాకు, పొగరు దానిది కాదని. మేము ప్రేమగా పిలిచినా దానికి కొట్టడానికి పిలిచినట్టే వినబడుతోంది.

జ్వరం తగ్గింది కానీ ఆ గొంతును మళ్ళీ దాని ముందు ఎత్తలేదు. పిల్లిని ఎలా ముద్దు చెయ్యాలో పిల్లే నేర్పింది. దాని కళ్ళల్లోకి గుచ్చి చూడకూడదు, అది కయ్యానికి పిలిచినట్టు. నిద్ర వచ్చినట్టు కళ్ళు సగం మూసి మెల్లగా తెరవాలి. అది కూడా అలాగే చేస్తే, సరే, నువ్వు మంచిదానివే అన్నట్టు. ముందు వేలు చాపి ఊరుకోవాలి. వాసన చూసి తనే చెంప రుద్దితే అప్పుడు గడ్డం కింద, చెవుల వెనక గోకొచ్చు. పొట్ట చూపించి పడుకుంది కదా అని పొట్ట మీద చెయ్యి వేశానో, గోళ్ళు దిగుతాయి. నమ్మి చూపిస్తుంది, అంతే, ముట్టుకోమని కాదు. చాలు అని తోక ఊపితే చెయ్యి తీసెయ్యాలి. అన్నిటికంటే నాకు కష్టమైంది అదే. ఇన్నేళ్ళ కాపురంలో నన్నెవరూ ఇంత అడిగి ముట్టుకోలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు.

భోజనానికి మాత్రం ఒక గుర్తు పెట్టుకున్నాను. మగ్గాల మోతలో నా మెల్లటి మాట దానికి అందదు. అందుకని ఖాళీ కండెతో స్టీలు గిన్నె అంచు మీద టిక్కుటిక్కుమని కొట్టేదాన్ని. ఎక్కడున్నా వచ్చేది.

మా ఆడబిడ్డ పక్క ఇంట్లోనే ఉంటుంది. మా ఆయనకు అక్క, మా ఇంట్లోనూ ఆమె మాటే మాట. గుమ్మంలో నిలబడి వీధంతా వినేట్టు అనేది. "ఏందే, మొగునికన్న పిల్లి ఎక్కువైందా నీకు?"

"ఎక్కువే వదినె. గది నీ తమ్ముని లెక్క నామీద ఒర్రదు," అన్నాను. ఆమె అటు తిరిగి పోయింది.

మా ఆయన మగ్గాల మాస్టర్. మగ్గం పాడైతే బాగుచేసే మనిషిని ఇక్కడ అలాగే అంటారు. ఆయనకు చెవులు ఎప్పుడో సగం పోయాయి, పనంతా అరచేతితోనే. నడుస్తున్న మగ్గం మీద చెయ్యి పెట్టి, అదురు ఎలా ఉందో చూసి, ఎక్కడ అరిగిందో చెబుతాడు. చుట్టుపక్కల ఊళ్ళు, కిమ్ నుంచి, కామ్‌రేజ్ నుంచి కార్ఖానాల వాళ్ళు కబురు పెట్టి పిలిపించుకుంటారు. ఆ అరచెయ్యే మా పిల్లి కొంప ముంచింది.

కార్ఖానాకు సెలవు రోజు ఆయన చాప మీద పడుకుని ఉన్నాడు. పిల్లి తనంతట తానే వెళ్ళి ఆయన పక్కలో ముడుచుకుంది. అంతకు ముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. మళ్ళీ వేసి చూశాడు.

"దీనికేందో అయిందే! లోపల అదురుతాంది!" అని అరిచాడు. పిల్లి ఒక్క గెంతులో మంచం కిందికి పోయింది.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనేదో వేళాకోళం ఆడుతున్నాడనుకుని కూర తరుగుతూ ఊరుకున్నాను. మర్నాడు సూరత్ శివారున ఉన్‌లో మా చుట్టాల ఇంట్లో పురుడు ఉంటే పొద్దున్నే వెళ్ళాను. సాయంత్రం వచ్చి గిన్నె మీద కండెతో కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. మా ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"కిమ్‌ల పనికి పోయిన గదా. సంచిల గట్టి తీస్కపోయి దాన్ని ఆడ ఇడిచిపెట్టిన," అన్నాడు.

నేను వినలేదేమో అనుకుని ఇంకా గట్టిగా చెప్పాడు. "గట్ల అదిరిన మగ్గం నిలవడదే! బేరింగ్ పోయినట్టే! ఏ పిచ్చికుక్కన్న కరిసిందో, నిన్ను కరిస్తే ఏంది గతి? అక్క గూడ గదే అన్నది."

అప్పుడు నా పాత గొంతు లేచింది. ఏమేం అన్నానో ఇక్కడ రాయను, వీధిలో అడిగితే చెబుతారు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. తెల్లవారేసరికి గిన్నె, కండె, పొట్లంలో వేయించిన చేప పట్టుకుని ఆయన స్కూటర్ పక్కన నిలబడ్డాను. ఆయన వచ్చి స్కూటర్ తీశాడు. సంచి విప్పినప్పుడు అది తన వంక చూసిన చూపు ఆయనకూ నిద్ర పట్టనివ్వలేదట. ఆ మాట దారిలో చెప్పాడు.

కిమ్‌లో ఆయన పిల్లిని వదిలింది ఒక కార్ఖానా గేటు ముందు. లోపల మగ్గాలు, బయట లారీలు. గిన్నె మీద కండెతో కొట్టుకుంటూ గోడ పొడవునా నడిచాను. షిఫ్టు దిగిన కుర్రాళ్ళు పోగయ్యారు. "క్యా బేచ్ రహీ హో, మౌసీ?" అని ఒకడు అడిగాడు. ఏమీ అమ్మడం లేదు, నా పిల్లిని పిలుచుకుంటున్నాను అన్నాను. అందరూ ఒక్కసారిగా నవ్వారు. అక్కడ మా ఆయనకు పెద్ద పేరు. మాస్టర్ గారి భార్య రోడ్డు మీద గిన్నె వాయిస్తోంది.

"జర ఆపే. నా ఇజ్జత్ పోతాంది," అన్నాడు.

"పోనియ్యి," అని ఇంకా కొట్టాను.

నిలబెట్టిన టెంపో కింద నుంచి తెల్లటి మూతి కనబడింది. అంతలో ఈయన "అగ్గో! అగ్గో! ఆడున్నది!" అని రోడ్డంతా అదిరేలా కేక పెట్టాడు. మూతి మాయమైంది.

"నోరు ముయ్యి. కింద కూసో," అన్నాను.

ఆయనకు పేరున్న చోట, పరాయివాళ్ళ ముందు ఆయనను అంత మాట అన్నది అదే మొదలు. కూర్చున్నాడు, ఆ దుమ్ములో, ఆ కుర్రాళ్ళందరి ముందు. నేనూ పక్కన చతికిలబడ్డాను. చేప ముక్క ముందు పెట్టి, వేలు చాపి, కళ్ళు సగం మూశాను. ఆయన నన్ను చూసి తనూ మూశాడు. లారీలు పోతూనే ఉన్నాయి. కుర్రాళ్ళు నవ్వుతున్నారో మానారో నేను చూడలేదు. మా జీవితంలో మేమిద్దరం అంతసేపు నోరెత్తకుండా పక్కపక్కన కూర్చోలేదు.

వచ్చింది. ముందు చేప తిన్నది. తర్వాత నా వేలు వాసన చూసింది. ఎంత కోపం ఉందో, వెంటనే చెంప ఇవ్వలేదు, అటు తిరిగి కాలు నాక్కుంది. ఆగాను. చివరికి నా ఒళ్ళోకి ఎక్కి ముడుచుకుంది. నేను ఏడ్చాను. ఎందుకు ఏడవకూడదు?

మా ఆయన చెయ్యి పట్టుకుని దాని వీపు మీద పెట్టి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"అదురుతాందా?"

"అదురుతాంది," అన్నాడు భయంగా.

"గది రోగం గాదు, సంతోషం. కడుపు నిండితె, మనిషి మీద నమ్మకం కుదిరితె గిట్లనే గుర్రుమంటది. నీకు ఇనబడదు, నాకు గూడ చెయ్యి పెడితెనే తెలుస్తది. నీ చేతి కింద ఏది అదిరినా ఖరాబైనట్టేనా? మొన్న నీ పక్కలకొచ్చి గిదే చెప్పింది. నువ్వేమో సంచిల గట్టినవ్."

ఆయన చెయ్యి తీయలేదు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఏదో అన్నాడు, పెదవులు కదలడం చూశాను కానీ వినబడలేదు. పిల్లి మాత్రం కదలకుండా అలాగే పడుకుంది.

దాన్ని కొంగులో చుట్టుకుని స్కూటర్ మీద సూరత్ దాకా తెచ్చాను. గుమ్మంలో ఆడబిడ్డ నిలబడి ఉంది. "మల్ల తెచ్చినవా దీన్ని?" అంది.

"తెచ్చిన. మల్ల ఎవలన్న తీస్కపోతె మల్ల తెస్త. ఎంత దూరమైనా తెస్త," అన్నాను. ఆమె మా ఆయన వైపు చూసింది. ఆయన నా పక్కనే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున వంటింట్లో చాయ్ మరుగుతోంది. పిల్లి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. తల తిప్పితే గుమ్మంలో మా ఆయన. ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

"ఇనబడ్తలేదు. గట్టిగ చెప్పు," అన్నాను.

ఆయన పిల్లి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నా దాకా నడిచి వచ్చి, చెవి దగ్గర వంగి, మెల్లగా అడిగాడు, చాయ్ అయిందా అని.

అయింది అన్నాను, నేనూ మెల్లగానే. ఆయనకు వినబడలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.