చేపల పులుసుకు ఫోటో

ఈ రోజు మధ్యాహ్నం మా యానాం ఇంట్లో మొదటిసారి ఒక వంటకానికి ఫోటో తీశాను. ఒక వారపత్రికవాళ్ళు చేపల పులుసు తయారీతోపాటు ఫోటో కూడా పంపమన్నారు. మా తమ్ముణ్ణి అడిగి తెచ్చుకున్న కెమెరా రీలులో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది.

అత్తగారు పండుగొప్ప చేపల పులుసు దించగానే ఆ దాకను పెరట్లో ఎండలో పెట్టాను. చూడగానే వేడివేడిగా ఉందనిపించాలని నా ఆశ. కానీ ఆ ఎండకీ, గోదావరి గాలికీ ఆవిరి కంటికి ఆనడం లేదు. దాకను అటూ ఇటూ తిప్పుతుంటే అత్తగారు వచ్చారు.

“ఫోటోలు పెళ్ళిళ్ళకి తీత్తారు, లేపోతే పోయినోళ్ళకి తీత్తారు. చేపకెందుకే?”

“ఇదీ పోయిందేగా అత్తయ్యగారూ,” అన్నాను.

ఆవిడ నవ్వాపుకుని సంగతి అడిగారు. పత్రిక సంగతీ, ఆవిరి కనబడని సంగతీ చెప్పాను. ఆవిడ పులుసును మళ్ళీ పొయ్యి మీద మరిగించి, మసిపట్టిన వంటింటి గోడ ముందు, కిటికీ పక్కన పీట వేసి దాని మీద దించారు. పక్కనుంచి వెలుతురు పడి, నల్లటి గోడ ముందు ఆవిరి తెల్లగా లేచింది.

“ముప్పై ఏళ్ళ నుంచీ చూత్తన్నాను దీన్ని. నొక్కు, చల్లారిపోద్ది.”

నొక్కాను. ఆ తర్వాత ఆవిడ మొదటి ముక్క నా కంచంలోనే వేశారు.

రీలు రేపు కాకినాడ స్టూడియోకి వెళ్తుంది. ఫోటో బాగా వస్తే దాని కింద ఎవరి పేరు రాయాలో మాత్రం తేలడం లేదు. పులుసు ఆవిడది, వెలుతురు చూపించిందీ ఆవిడే, నొక్కిన వేలు మాత్రం నాది. మీరైతే ఎవరి పేరు రాస్తారు?